జామాకులో యాంటీఆక్సిడెంట్ శక్తిని కొలవడం ఎలా? ఆకు కోయడం నుంచి ఐసీ50 దాకా

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ప్లస్ త్రీ (డిగ్రీ) సైన్సు చదివే తెలుగు పిల్లలు ప్రాజెక్టు కాలం రాగానే అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఇవే. "మా మునగాకుకి 92 శాతం వచ్చింది, విటమిన్ సి కంటే గొప్పదని రాయొచ్చా?" "డీపీపీహెచ్ కలిపినా రంగు మారలేదు, ఎందుకు?" "కాలేజీలో స్పెక్ట్రో లేదు, కలరీమీటర్‌తో కుదురుతుందా?" మొదటిదానికి జవాబు: రాయకండి, అది గాఢత లెక్కలో తప్పు అయివుంటుంది. మూడోదానికి: కుదురుతుంది. రెండోదానికి కారణాలు చాలా ఉన్నాయి, వరసగా చూద్దాం.

సిద్ధాంతం అవసరమైనంత మేరకే చెబుతాం. డీపీపీహెచ్ ముదురు ఊదారంగు పొడి. దాని అణువులో జతలేని ఎలక్ట్రాన్ ఒకటి ఉంటుంది. ఆకులోని పాలీఫినాల్ లాంటి యాంటీఆక్సిడెంట్ పదార్థం దానికి హైడ్రోజన్ అందించగానే ఊదారంగు పోయి లేత పసుపు మిగులుతుంది. ఊదా ఎంత తగ్గిందో 517 నానోమీటర్ల దగ్గర కొలుస్తాం. 1958లో బ్లోయిస్ అనే శాస్త్రవేత్త ఈ పద్ధతిని ప్రచురించాడు. నేటికీ చిన్న ల్యాబుల్లో చవకగా అయ్యే పరీక్షల్లో ఇదొకటి. ఇక్కడ జామాకుని ఉదాహరణగా తీసుకున్నాం. మునగాకు, కరివేపాకు, నేరేడాకు, పొన్నగంటి కూర, దేనికైనా దారి ఇదే, గాఢతలే మారతాయి.

ఏమేం కావాలి

- ఎండిన ఆకు పొడి 10 గ్రాములు. ఇందుకు పచ్చి ఆకు 50 నుంచి 60 గ్రాములు కోసుకోండి. తడి ఎక్కువుండే ఆకుకూరలైతే 100 గ్రాములు.
- మెథనాల్, ల్యాబు గ్రేడుది, ఒక లీటరు. దాని బదులు ఎథనాల్ వాడొచ్చు, కానీ దానికి ఎక్సైజ్ అనుమతి ఉండాలి. కాలేజీ పేరుమీదే తెప్పించుకోండి.
- డీపీపీహెచ్. దొరికే అతి చిన్న సీసా కొనండి. 0.1 మిల్లీమోలార్ ద్రావణం 100 మి.లీ.కి పట్టేది 3.94 మి.గ్రా. మాత్రమే. ఒక గ్రాము ఉంటే ఆ కాలేజీకి ఏళ్ల తరబడి సరిపోతుంది.
- ఆకుతో పోల్చి చూడటానికి ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే విటమిన్ సి. రసాయనాల సీసాలోదే కావాలి. మందుల షాపు చప్పరించే మాత్రలో పంచదార, రంగు, పులుపు కలిసుంటాయి.
- డిస్టిల్డ్ వాటర్, వాట్‌మన్ నంబర్ 1 ఫిల్టర్ పేపర్, పల్చటి నూలుగుడ్డ, అల్యూమినియం ఫాయిల్.
- మూతలున్న టెస్ట్ ట్యూబులు 40, గ్రాడ్యుయేటెడ్ పిపెట్లు (1, 5, 10 మి.లీ.), 50, 100, 200 మి.లీ. వాల్యూమెట్రిక్ ఫ్లాస్కులు.
- మిల్లీగ్రాము వరకు చూపే తూకం యంత్రం.
- స్పెక్ట్రోఫోటోమీటర్ (స్పెక్ట్రో, ద్రావణం కాంతిని ఎంత పీల్చిందో చూపే యంత్రం), లేదంటే 520 ఫిల్టరున్న డిజిటల్ కలరీమీటర్.

మెథనాల్ గురించి ఒక మాట. అది విషం. మింగితే చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. ఆవిరి పీల్చినా, చర్మానికి తగిలినా హానే. సులువుగా అంటుకుంటుంది. ఆ గదిలో స్పిరిట్ దీపం, బన్సెన్ బర్నర్, హీటర్ కాయిల్ ఏవీ వెలగకూడదు. పిపెట్‌ని నోటితో పీల్చకండి, రబ్బరు బల్బు వాడండి. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. సర్జికల్ స్పిరిట్‌తో సరిపెట్టుకుందామని మాత్రం అనుకోవద్దు. అందులో కలిపే ఇతర పదార్థాలు రీడింగుని పాడుచేస్తాయి.

ఆకు కోయడం, ఎండబెట్టడం

1. ముందు చెట్టు పేరు ఖాయం చేసుకోండి. ఈ జిల్లాల్లో ఒకే ఆకుకి రెండు భాషల్లో పేర్లుంటాయి. జామ ఒడియాలో పిజుళి. మునగాకు సజనా శాగ. అన్నిటికంటే ఎక్కువ తికమకపెట్టేది వేప. ఒడియాలో దాన్ని నిమ అంటారు. ల్యాబు అటెండరు ఒడియాలో 'నిమ పత్ర' అని చీటీ అంటిస్తే, తెలుగు విద్యార్థి దాన్ని నిమ్మాకు అనుకుని ప్రాజెక్టంతా సిట్రస్ కింద రాసేసే ప్రమాదం ఉంది. అందుకే సీసా మీద శాస్త్రీయ నామమే రాయండి: జామకి సిడియం గుయాజావా, మునగకి మొరింగా ఒలీఫెరా, వేపకి అజాడిరక్టా ఇండికా. కొమ్మనొకదాన్ని పాత పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టి, బోటనీ విభాగంలో చూపించి సంతకం తీసుకోండి.

2. పొద్దున మంచు ఆరాక కోయండి. లేత చిగురు, ముదురాకు కలపొద్దు. రెంటిలోనూ పాలీఫినాల్స్ ఒకే మోతాదులో ఉండవు. కొమ్మ చివరి నుంచి మూడో జత, నాలుగో జత ఆకులని ఒక నియమం పెట్టుకుని ఆఖరిదాకా అదే పాటించండి. లారీలు తిరిగే రోడ్డు పక్క చెట్టు వద్దు. సంతలో కొన్న కట్ట కూడా వద్దు, అది ఏ ఊరిదో, ఎప్పుడు కోసిందో మీకు తెలియదు.

3. పారే నీళ్లకింద దుమ్ము పోయేలా కడిగి, ఆఖర్న డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి తడిపి, నీళ్లు కారిపోనివ్వండి. నానబెట్టొద్దు. నలపొద్దు. నలిగిన జామాకు గాలి తగలగానే గోధుమరంగుకి తిరుగుతుంది. మీరు కొలవాలనుకున్న పదార్థం అక్కడే ఖర్చవుతోందని దాని అర్థం.

4. నీడలో, గాలి ఆడే గదిలో, ఉతికిన నూలుబట్ట మీద ఒకే పొరగా పరచండి. పాత దినపత్రిక మీద వెయ్యకండి, సిరా అంటుతుంది. వేసవిలో వారం చాలు. ఆషాఢ శ్రావణాల్లో వంశధార, నాగావళి పక్క ఊళ్లలో గాలే తడిగా ఉంటుంది. పదిహేను రోజులైనా ఆకు ఆరదు, అడుగున బూజు పడుతుంది. అప్పుడు 40 నుంచి 45 డిగ్రీల హాట్ ఎయిర్ ఓవెన్‌లో పెట్టండి, అంతకు మించొద్దు. మధ్యలో కరెంటు పోతే ఓవెన్ తలుపు తీసి ఉంచండి, లేకపోతే లోపలి ఆవిరి ఆకు మీదే తిరిగి చేరుతుంది. బూజు ఒక్క ఆకుకి కనిపించినా ఆ విడత మొత్తం పారేయండి.

ఎండిందో లేదో ఎలా తెలుస్తుంది? అరచేతిలో నలిపితే అప్పడంలా విరగాలి. ఈనె కూడా పుటుక్కుమనాలి. వరసగా రెండు రోజులు తూచి చూడండి, బరువు మారకపోతే ఎండినట్టే.

5. పొడి చేయండి. మిక్సీ జారు కొత్తదో, ఈ పనికే కేటాయించిందో అయివుండాలి. ఇంట్లో మసాలా ఆడించిన జారు పనికిరాదు. లవంగం, పసుపు రెండూ డీపీపీహెచ్‌ని గట్టిగా తినేస్తాయి. మూత రబ్బరు సందులో మిగిలిన లవంగం పొడి కూడా మీ ఆకు ఫలితంలో చేరిపోతుంది. పది సెకన్లు తిప్పి ఆపండి, జారు చల్లారాక మళ్లీ తిప్పండి. సన్న జల్లెడ పట్టి, గోధుమరంగు గాజుసీసాలో మూత బిగించి, చల్లటి చీకటి చోట పెట్టండి.

సారం తీయడం

6. పొడి 10 గ్రాములు కోనికల్ ఫ్లాస్కులో వేసి, 80 మి.లీ. మెథనాల్, 20 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయండి. ఆ 20 మి.లీ. నీళ్లు ఎందుకంటే, పాలీఫినాల్స్‌లో చాలావాటికి వట్టి మెథనాల్ కంటే కాస్త నీరు కలిసిన మెథనాలే నచ్చుతుంది. మూత పెట్టి, ఫాయిల్ చుట్టి, షేకర్ మీద 24 గంటలు ఉంచండి. షేకర్ లేకపోతే 48 గంటలు ఉంచి, మెలకువగా ఉన్నంతసేపూ రెండు మూడు గంటలకోసారి చేత్తో తిప్పండి.

7. నూలుగుడ్డలో వడగట్టి, తర్వాత ఫిల్టర్ పేపర్లో వడగట్టండి. మిగిలిన పిప్పికి అదే మిశ్రమం ఇంకో 50 మి.లీ. పోసి, కొన్ని గంటలు ఉంచి మళ్లీ వడగట్టి మొదటిదాంట్లో కలపండి. ద్రవం తేటగా ఉండాలి. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే వేలి గీతలు అవతలి నుంచి కనపడాలి. మసకగా ఉంటే ఇంకోసారి వడగట్టండి.

8. ఇక గాఢత తెలుసుకోవాలి. చాలామంది ఇక్కడ వడగట్టిన ద్రవమంతటినీ వాటర్ బాత్ మీద ఆవిరి చేయబోయి గదంతా వాసన చేస్తారు. రోటరీ ఎవాపొరేటర్ ఉంటే సరే, 45 డిగ్రీలు దాటకుండా ఎండబెట్టి, సారం తూచుకోండి. లేని కాలేజీలకి మేము గట్టిగా చెప్పే దారి వేరే ఉంది. వడగట్టిన ద్రవంలోంచి సరిగ్గా 10 మి.లీ. మాత్రం ముందే తూచిన పెట్రీ డిష్‌లో పోసి, ఫ్యూమ్ కబోర్డులో ఆరనిచ్చి, ఆఖర్న ఓవెన్‌లో బరువు నిలిచేదాకా ఎండబెట్టి తూచండి. డిష్ బరువు 0.125 గ్రాములు పెరిగిందనుకోండి. 10 మి.లీ.లో 125 మి.గ్రా., అంటే మీ ద్రవం మి.లీ.కి 12.5 మి.గ్రా. మిగతా ద్రవాన్ని ఎండబెట్టే పనే లేదు. 4 మి.లీ. తీసి మెథనాల్‌తో 50 మి.లీ. చేస్తే మి.లీ.కి 1 మి.గ్రా. స్టాక్ తయారు. మంటల ప్రమాదం తగ్గుతుంది, వేడికి సారం పాడవదు, ఎండి అట్టకట్టిన జిగురుని మళ్లీ కరిగించే బాధా తప్పుతుంది. మిగిలిన ద్రవాన్ని ఫ్రిజ్‌లో చీకట్లో పెట్టి వారంలోపు వాడేయండి.

ద్రావణాలు

9. పలచనలు. స్టాక్ 4 మి.లీ.కి 6 మి.లీ. మెథనాల్ కలపండి. ఇది 400 (మి.లీ.కి మైక్రోగ్రాముల్లో). ఇందులోంచి 5 మి.లీ. తీసి 5 మి.లీ. మెథనాల్ కలిపితే 200. అలాగే సగం సగం చేస్తూ 100, 50, 25. ప్రతిసారీ బాగా తిప్పాక మాత్రమే తర్వాతిదానికి తీయండి. పైమెట్టులో చేసిన తప్పు కింది మెట్లన్నిటికీ పాకుతుంది. ప్రతి మెట్టుకీ పిపెట్ మార్చండి, లేదా కొత్త ద్రావణంతో రెండుసార్లు కడిగి వాడండి.

10. విటమిన్ సి. 10 మి.గ్రా. ని మెథనాల్‌లో కరిగించి 100 మి.లీ. చేయండి. దీన్నీ అచ్చం పై పద్ధతిలోనే, 4కి 6, ఆపైన సగం సగం పలచన చేస్తే 40, 20, 10, 5, 2.5 వస్తాయి. ఏ రోజుది ఆ రోజే చేసుకోవాలి. నిన్నటి విటమిన్ సి ద్రావణం ఈరోజుకి బలం కోల్పోతుంది. కుళాయి నీళ్లలోనో బోరు నీళ్లలోనో కరిగిస్తే, ఆ ఇనుము తగిలి గంటల్లోనే పాడవుతుంది.

11. డీపీపీహెచ్. మిల్లీగ్రాము తూకంలో 3.94 మి.గ్రా. నమ్మకంగా తూచలేం. 19.7 మి.గ్రా. అంటే దాదాపు 20 తూచి, మెథనాల్‌లో 50 మి.లీ. చేయండి. ఇది 1 మిల్లీమోలార్ స్టాక్. 20 మి.లీ. తీసి 200 మి.లీ.కి పెంచితే 0.1 మిల్లీమోలార్. పొడి పూర్తిగా కరిగేదాకా చీకట్లో తిప్పండి. అడుగున నల్లటి రేణువులు కనపడుతుంటే ఇంకా కరగలేదని. ఫ్లాస్కుకి ఫాయిల్ చుట్టండి. ఈ 0.1 మిల్లీమోలార్ ద్రావణం అదే రోజు వాడేయాలి. ఒక ఆకుకి, విటమిన్ సికి, కంట్రోలుకి కలిపి 100 మి.లీ. ఖర్చవుతుంది. మిగతాది మళ్లీ చేయాల్సివస్తే ఉపయోగపడుతుంది.

అసలు పరీక్ష

12. అన్నిటికంటే ముందు చిన్న పరీక్ష. ఒక ట్యూబులో 3 మి.లీ. డీపీపీహెచ్ పోసి, చల్లారిన పాలు లేని టీ డికాషన్ రెండు చుక్కలు వేయండి. నిమిషం తిరక్కుండానే ఊదా పసుపులోకి జారాలి. జారకపోతే డీపీపీహెచ్ ద్రావణంలోనే లోపం ఉంది, ముందుకెళ్లి లాభం లేదు.

13. ట్యూబుల మీద నంబర్లు పెన్సిల్‌తో కాగితప్పట్టీ మీద రాసి అంటించండి. మార్కర్ సిరా మెథనాల్ తగిలితే కరిగిపోతుంది. ప్రతి గాఢతకీ మూడు ట్యూబులు, ఒక బ్లాంకు.
- పరీక్ష ట్యూబు: సారం (లేదా విటమిన్ సి) పలచన 1 మి.లీ. + డీపీపీహెచ్ 3 మి.లీ.
- కంట్రోలు (మూడు): మెథనాల్ 1 మి.లీ. + డీపీపీహెచ్ 3 మి.లీ.
- సారం బ్లాంకు (ప్రతి గాఢతకీ ఒకటి): సారం పలచన 1 మి.లీ. + మెథనాల్ 3 మి.లీ.

14. డీపీపీహెచ్‌ని ట్యూబుకీ ట్యూబుకీ మధ్య 30 సెకన్ల ఎడంతో పోయండి. రీడింగ్ తీసేటప్పుడూ అదే వరస, అదే ఎడం. మూతపెట్టి, తిప్పి, చీకటి అల్మారాలో 30 నిమిషాలు ఉంచండి. మూత లేకపోతే మే నెల వేడికి మెథనాల్ ఆవిరై ద్రావణం చిక్కబడుతుంది, మీ ఆకు బలహీనమైందన్నట్టు కనపడుతుంది.

15. వట్టి మెథనాల్‌తో యంత్రాన్ని సున్నాకి తెచ్చి, 517 దగ్గర (కలరీమీటరైతే 520 ఫిల్టర్) వరసగా చదవండి. క్యూవెట్ బయటి గోడ మెత్తటి టిష్యూతో తుడవండి. వేలిముద్ర పడ్డా రీడింగ్ మారుతుంది.

కంట్రోలు రీడింగు స్పెక్ట్రోలో 0.8 నుంచి 0.95 మధ్య రావాలి. 0.7 కంటే తగ్గితే డీపీపీహెచ్ పాతదో, వెలుతురు తగిలిందో, తూకం తప్పిందో. అప్పుడు కొత్తగా చేసుకోండి. కలరీమీటర్లో ఈ అంకె తక్కువ రావచ్చు. అక్కడ చూడాల్సింది మూడు కంట్రోళ్లూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయా అన్నదే.

లెక్క

శాతం = [కంట్రోలు − (పరీక్ష − బ్లాంకు)] ÷ కంట్రోలు × 100

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. కంట్రోలు 0.850. గాఢత 400 పోసిన ట్యూబు రీడింగు 0.190, దాని బ్లాంకు 0.130. బ్లాంకు తీసేస్తే 0.060 మిగులుతుంది, శాతం 92.9. బ్లాంకు మరిచిపోతే 77.6. అదే ట్యూబు, అదే ఆకు, పదిహేను శాతం తేడా. ఆకు సారానికి సొంత రంగు ఉంటుంది, గాఢత పెరిగేకొద్దీ ఆ రంగు డీపీపీహెచ్ రంగులో కలిసి యంత్రాన్ని మోసం చేస్తుంది. బ్లాంకులు పెట్టకుండా తెచ్చిన పట్టికని ఏ పరీక్షకుడూ ఒప్పుకోకూడదు.

ఇప్పుడు గాఢత సంగతి. మీరు పోసింది 400 ది 1 మి.లీ. ట్యూబులో మొత్తం 4 మి.లీ. కాబట్టి ట్యూబులోని అసలు గాఢత 100. అలాగే 200 పోస్తే 50, 100 పోస్తే 25, 50 పోస్తే 12.5, 25 పోస్తే 6.25. విటమిన్ సికి 10, 5, 2.5, 1.25, 0.625. ఆకుకి ట్యూబు గాఢత, విటమిన్ సికి పోసిన గాఢత రాస్తే (లేదా తిరగేసి రాస్తే) పోలిక నాలుగింతలు తప్పుతుంది. "విటమిన్ సి కంటే గొప్ప ఆకు" చాలావరకు ఈ దారినే పుడుతుంది.

ఐసీ50 అంటే ఊదారంగుని సగానికి తగ్గించే గాఢత. అంకె ఎంత చిన్నదైతే ఆకు అంత బలమైనది. ఇది తలకిందులుగా అర్థం చేసుకుని రాసిన ప్రాజెక్టులు తక్కువేం లేవు. పై ఉదాహరణలోనే ట్యూబు గాఢత 12.5 దగ్గర 27.2 శాతం, 25 దగ్గర 51.8 శాతం వచ్చాయనుకోండి. 50 శాతం ఆ రెంటి మధ్య ఉంది. 27.2 నుంచి 50కి దూరం 22.8, మొత్తం దూరం 24.6. అంటే 12.5 + 12.5 × (22.8 ÷ 24.6) = 24.1. మి.లీ.కి 24.1 మైక్రోగ్రాములు. గ్రాఫు గీస్తే 20 నుంచి 80 శాతం మధ్య బిందువులే వాడండి. 90 దాటాక గీత చదునవుతుంది, ఆ బిందువుల్ని కలిపి సరళరేఖ గీస్తే ఐసీ50 పక్కకి జరుగుతుంది.

ఫలితాన్ని నమ్మొచ్చా లేదా అన్నది విటమిన్ సి చెబుతుంది. ఒక ఆస్కార్బిక్ ఆమ్లం అణువు రెండు డీపీపీహెచ్ అణువుల్ని తటస్థం చేస్తుంది. మన ట్యూబులో డీపీపీహెచ్ 75 మైక్రోమోలార్. సగం పోవాలంటే 18.75 మైక్రోమోలార్ విటమిన్ సి కావాలి, అణుభారం 176తో గుణిస్తే మి.లీ.కి 3.3 మైక్రోగ్రాములు. మీకు 3 నుంచి 5 మధ్య వస్తే పద్ధతి సరిగ్గా నడిచింది. 13 వస్తే నాలుగుతో భాగించడం మరిచారు. 8, 10 వస్తే విటమిన్ సి పాడైంది. 1 వస్తే డీపీపీహెచ్ తక్కువ పోశారు లేదా పలచన తప్పింది. విటమిన్ సి అంకె కుదరనంతవరకు ఆకు అంకె జోలికి పోకండి.

తేడా వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలి

ట్యూబు మసకబారితే: సారంలో జిగురు, చక్కెరలు ఎక్కువున్నాయి. అవి మెథనాల్‌లో కరగక తెల్లటి మసకగా నిలుస్తాయి. నీళ్లలో మరిగించి తీసిన కషాయాలకి ఇది తరచూ అవుతుంది. డీపీపీహెచ్ కూడా నీళ్లలో కరగదు. కషాయం కొలవాలంటే ముందు మెథనాల్‌తో బాగా పలచన చేసి, మసకబారిన ద్రవాన్ని సెంట్రిఫ్యూజ్‌లో (వేగంగా తిప్పి మడ్డిని అడుగుకి దించే యంత్రం) తిప్పి పైతేట తీసుకోండి.

శాతం మైనస్‌లో వస్తే: కంట్రోలులో డీపీపీహెచ్ తక్కువ పోశారేమో చూడండి. ఆ తర్వాత బ్లాంకు. ఆ తర్వాత క్యూవెట్ తిరగేసి పెట్టారేమో చూడండి.

అన్ని గాఢతలకీ 90 పైనే వస్తే: సారం మరీ చిక్కగా ఉంది. జామ, నేరేడు, కరక లాంటి వగరు సరుకులకి ఇది మామూలే. 25 నుంచి మొదలుపెట్టి కిందికి సగం సగం దిగండి.

దేనికీ 50 రాకపోతే: మునగాకు, ఆకుకూరలకి జామకంటే ఎక్కువ గాఢత కావాలి. స్టాక్‌ని పలచన చేయకుండా నేరుగా 1 మి.లీ. పోయండి, ట్యూబు గాఢత 250 అవుతుంది. అప్పటికీ రాకపోతే "ఐసీ50 250 కంటే ఎక్కువ" అని రాయండి. గ్రాఫు గీతని లేని చోటికి సాగదీసి అంకె పుట్టించకండి.

మూడు ట్యూబులు మూడు దారులు పడితే: పిపెట్. ప్రతి పిపెట్‌తో డిస్టిల్డ్ వాటర్ 1 మి.లీ. చొప్పున పదిసార్లు తూకంలో వేసి చూడండి. ఒక్కోటీ 1 గ్రాముకి దగ్గరగా, ఒకేలా రావాలి. సబ్బు మిగిలిన ట్యూబులు కూడా ఇలాగే చేస్తాయి. ఆఖరి కడుగు మెథనాల్‌తో పెట్టండి.

ఇంకో పొరపాటు యంత్రం పట్టుకోలేనిది. ఒకే సీసా సారాన్ని మూడు ట్యూబుల్లో పోస్తే అది మీ చేతి నిలకడని చూపిస్తుందంతే, చెట్ల మధ్య తేడాని చూపదు. వీలైతే మూడు వేర్వేరు జామచెట్ల నుంచి కోసి, మూడు సారాలు విడిగా తీసి, ఆ మూడు ఐసీ50ల సగటు ఇవ్వండి. పని మూడింతలవుతుంది. ఫలితానికి విలువ వచ్చేది మాత్రం అప్పుడే.

డీపీపీహెచ్ దొరక్కపోతే

పొటాషియం ఫెర్రిసయనైడ్, ఫెర్రిక్ క్లోరైడ్ కెమిస్ట్రీ ల్యాబులో ఎలాగూ ఉంటాయి. వాటితో క్షయకరణ శక్తి (ఎలక్ట్రాన్లు ఇచ్చే శక్తి) కొలవొచ్చు. ఒయైజు అనే శాస్త్రవేత్త 1986లో ఇచ్చిన పద్ధతి ఇది. సారం పలచన 1 మి.లీ., 0.2 మోలార్ ఫాస్ఫేట్ బఫర్ (పీహెచ్ 6.6) 2.5 మి.లీ., 1 శాతం ఫెర్రిసయనైడ్ 2.5 మి.లీ. కలిపి 50 డిగ్రీల వాటర్ బాత్‌లో 20 నిమిషాలు. చల్లార్చి 10 శాతం ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం 2.5 మి.లీ. పోసి, సెంట్రిఫ్యూజ్‌లో 3000 ఆర్‌పీఎం దగ్గర 10 నిమిషాలు తిప్పండి. పైతేట 2.5 మి.లీ.కి నీళ్లు 2.5 మి.లీ., 0.1 శాతం ఫెర్రిక్ క్లోరైడ్ 0.5 మి.లీ. కలిపితే నీలి ఆకుపచ్చ రంగు వస్తుంది. 700 దగ్గర చదవండి, కలరీమీటర్లో ఎర్ర ఫిల్టర్ (660 లేదా 680) పెట్టండి. ఇక్కడ రీడింగు పెరిగితే శక్తి ఎక్కువని అర్థం, డీపీపీహెచ్‌కి ఎదురు. సారం బదులు నీళ్లు పోసిన ట్యూబు, విటమిన్ సి వరస ఇక్కడా ఉండాలి. ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది, జాగ్రత్త.

రెండు పద్ధతులూ చేయగలిగితే రెండూ చేయండి. ఒకదాంట్లో ముందున్న ఆకు ఇంకోదాంట్లో వెనకబడొచ్చు. అది తప్పేం కాదు, రెండు పరీక్షలూ వేర్వేరు రసాయన చర్యలు. రెండు అంకెలూ అలాగే ఇవ్వండి.

రిపోర్టులో ఏం రాయాలి

ఆకు శాస్త్రీయ నామం, కోసిన ఊరు, తేదీ, ఎన్నో జత ఆకు. ఎండబెట్టిన తీరు, ఉష్ణోగ్రత. ద్రావకం, పొడికి దాని నిష్పత్తి. మి.లీ.కి ఎన్ని మి.గ్రా. సారం వచ్చింది. డీపీపీహెచ్ గాఢత, వేచిన నిమిషాలు, చదివిన నానోమీటర్లు లేదా ఫిల్టరు. ట్యూబు గాఢతల్లో ఐసీ50, దాని పక్కనే అదే రోజు చేసిన విటమిన్ సి ఐసీ50. బ్లాంకు రీడింగులతో సహా ముడి అంకెల పట్టిక.

"ఈ ఆకు తింటే ఫలానా జబ్బు పోతుంది" అన్న వాక్యం మాత్రం రాయొద్దు. మీరు కొలిచింది గాజుగొట్టంలో మెథనాల్ మధ్య జరిగిన చర్య. తిన్న ఆకు అరిగి, రక్తంలోకి ఎంత చేరుతుందో, చేరాక ఏమవుతుందో ఈ పరీక్షకి తెలియదు. ఇంకో సంగతి, మెథనాల్‌తో తీసిన ఈ సారాన్ని ఎంత ఎండబెట్టినా ఎవ్వరూ రుచి చూడకూడదు, పశువులకీ పెట్టకూడదు.

వాడేసిన ద్రావణాలన్నీ ఒక మూత డబ్బాలో పోసి "మెథనాల్ వ్యర్థం" అని తెలుగు, ఒడియా రెండింట్లోనూ చీటీ అంటించండి. సింకులో పోయకండి. డబ్బాని ఎండకి దూరంగా పెట్టి, ల్యాబు ఇన్‌ఛార్జికి అప్పగించి, రిజిస్టరులో ఎన్ని మి.లీ. ఇచ్చారో రాయించండి.